ఆముదంలో గుండు దిగిన వేగం

సోమవారం, ప్రాక్టికల్ పరీక్ష: కొలిచింది కొలిచినట్టు రాసిన విద్యార్థిని ప్రయోగం తప్పని గీటు.
బుధవారం, జగిత్యాలలోని పరీక్షల కార్యాలయం: నా అర్జీ తీసుకొని, ముట్టినట్టు రాసివ్వడానికి నిరాకరణ.
శనివారం, మళ్లీ జగిత్యాల: ఏళ్ల తరబడి నేను రాసుకున్న కొలతల పుస్తకానికి ‘పాత కాయితాలు’ అన్న బిరుదు.

కోరుట్ల కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాల చూసుకున్నవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత కూడా ప్రయోగాలు నేర్పడానికి, పరీక్షల వేళకు పిలుస్తారు, వెళ్తాను.

ప్రయోగం చిన్నది. పొడవాటి గాజు గొట్టం నిండా ఆముదం. అందులో చిన్న ఇనుప గుండును జారవిడవాలి. మొదట కొంత తొందరపడుతుంది, తరువాత ఒకే వేగంతో దిగుతుంది. ఆ వేగాన్ని బట్టి నూనె చిక్కదనం లెక్కగడతాము. సిరిసిల్లలో మరమగ్గాల సామాను అమ్మే దుకాణంలో గుండ్లు నేనే ఏరి తెచ్చాను. ఒక్కొక్కటీ కొలిచి, గుండ్రన తప్పినవాటిని పక్కన పెట్టాను.

మా ప్రయోగశాలల్లో ఒక మాట ఉంది: ‘వాల్యూ తెప్పించడం’. పుస్తకంలోని విలువను ముందే రాసుకొని, దానికి సరిపడే సమయాన్ని వెనక నుంచి లెక్కించి పట్టిక నింపడం. తొలి ఏళ్లలో నేనూ తెప్పించాను, దాచను. ఒక వేసవిలో గుండు ఎంతో త్వరగా అడుగు చేరింది. మళ్లీ మళ్లీ వేశాను. చేతి తప్పు కాదు. ఎండకు నూనె పలచబడింది. పుస్తకంలోని విలువ చల్లటి గదిది. అప్పటి నుంచి నూనె వేడిని కూడా రాయిస్తున్నాను.

సోమవారం ఒక్క అమ్మాయి మాత్రమే కొలిచిన సమయాన్ని, నూనె వేడిని ఉన్నదున్నట్టు రాసింది. కథలాపూర్ నుంచి బస్సులో వచ్చే గీత కార్మికుని బిడ్డ. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆమె కాగితం చూసి ముఖం చిట్లించాడు.

“గీ వాల్యూ ఏంది? పుస్తకంల ఉన్నదాంట్ల సగం గూడ లేదు. మీ నాయిన తాటిచెట్టు దిగినట్టు గుండు జర్రున దిగిందా?”

“మా నాయిన జర్రున దిగడు సార్, దిగితే నడుము ఇరుగుతది. నూనె వేడిగున్నది, గందుకే గుండు జల్ది పడ్డది.”

గది గొల్లుమంది. ఆయన నవ్వలేదు.

“మాటలు మస్తు నేర్చినవ్ గని, వాల్యూ తెప్పిచ్చుడు నేర్వలే.”

ఆ సాయంత్రమే వేసిన మార్కుల్లో తెప్పించినవాళ్లందరూ ఉత్తీర్ణులయ్యారు. ఆమె తప్పింది. ఈ ఒక్క ప్రయోగం వల్ల డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది.

వరండాలో నన్ను ఆపి అడిగింది: “మీరు చెప్పినట్టే రాసిన గద సార్. అందరి తీర్గ దించి రాస్తే పాసైతుంటి.”

నిజం నేర్పినవాణ్ణి నేను, నష్టపోయింది ఆమె.

కనుక పరీక్షల అధికారిని ఇందుమూలంగా కోరుతున్నాను: ఆనాడు నూనె ఎంత వేడిగా ఉందో పరీక్షకుడు చూశారా? చూస్తే ఆమె కొలత ఎక్కడ తప్పింది? చూడకపోతే ఏ ఆధారంతో కొట్టివేశారు? నోటిమాటను జవాబుగా స్వీకరించను. లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఆ ఉత్తరం నా పేరిట కాదు, ఆమె పేరిట రావాలి.