అద్దంలాంటి మూలబండలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అల్లుడికి ఇంటి మూలలు అప్పగించి చూడు అనడం మాత్రం మరిచారు. ఆ లోటు నేను తీర్చాను. కుల్కచర్లలో మా మామ కొత్తింటి గృహప్రవేశం నాడు నేను చేసిన ఘనకార్యం వింటే, మీ అల్లుడు గోడకు మేకు కొడతానన్నా సుత్తి దాచేస్తారు.

అప్పట్లో నేను తాండూరులో బండలు పాలిష్ పట్టే చోట సూపర్‌వైజర్‌ని. కొత్తగా పెళ్లయింది. అత్తారింట్లో పేరు కొట్టెయ్యాలని ఒకటే ఉబలాటం.

"మామా, ఇంటి అందమంత మూలలల్లనే ఉంటది. ఒక పొడుగు బండ, ఒక పొట్టి బండ, కిందికెల్లి మీది దాంక అతికిస్తే బంగ్లా లెక్క కొడ్తది. నాకిడిసిపెట్టు!"

"పడయి గద?"

"తాండూరోన్ని పట్టుకొని గా మాటంటవా మామా!"

పసుపు బండలు ఏరి, ముందువైపు అద్దంలా పాలిష్ పట్టించాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ప్రేమ పొంగి వెనకవైపూ పట్టించాను.

"ఎనుక పాలిషెందుకు అల్లుడా? గోడ మొకం జూసుకుంటదా?"

"అత్తారిల్లు మామా! ఎనుక గరుకుంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

నున్నటి బండకు సిమెంటు పట్టదని, పొద్దస్తమానం ఆ బండల మధ్యే బతికే నాకు తట్టనేలేదు చూశారూ!

గృహప్రవేశం నాడు ముందుగా ఆవును లోపలికి తోలాలి కదా. ఆ మహాతల్లి గడప ముందు మొండికేసింది. అరటిపండు చూపించారు, బతిమాలారు. ఊహూఁ!

"ముహూర్తం దాటిపోతున్నది!" అని పంతులు ఒకటే కేక. మామ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవు మాత్రం తీరిగ్గా గడప పక్కనే నేను కట్టించిన మూలకు మెడ ఆనించి గోక్కుంది.

అడుగు బండ జారింది. దాని వెంట పైవన్నీ దబదబమని కూలాయి. ఆవు బెదిరి ఒక్క దూకున ఇంట్లో పడింది. ముహూర్తం దక్కింది, నా పరువు పోయింది.

"ఆవును మస్తు తోలినవ్ అల్లుడా!" అన్నాడు మామ. జనం పగలబడి నవ్వారు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు మా అత్త పగలని బండ ఒకటి తీసి, రెండువైపులా నిమిరింది.

"ఫికర్ జెయ్యకు అల్లుడా. గోడకే అంటలేదంటే, దీని మీద జొన్నరొట్టె కొడ్తె అసలే అంటదు. మా చెల్లెకు గూడ గిసొంటిదే ఒకటి చేపియ్యి!"

ఆ రాత్రి అత్త ఆ బండ మీదే కొట్టి పెట్టిన వేడి రొట్టెల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ బండ వెనకవైపు పాలిష్ పట్టించను. అత్త చుట్టాలు అడిగితే తప్ప!