పెద్దబాపు కట్టిన పేలికలు

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక పని గురించి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొన్న మా పెద్దబాపు దినాల నాడు, భోజనాల దగ్గర ఒకాయన, “మంచి పనోడే గని, ఆ బంగ్లా సారు కారు కాడ ఓడిపోయిండు” అన్నాడు. పక్కనున్నవాళ్లు అవునన్నట్టు తలలూపారు. ఆ మాట నిజం కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా నోరు మూసుకుంటే అదే నిజమై నిలిచిపోతుంది. అందుకే రాస్తున్నాను.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో బండ్లకు కరెంటు పని చేసేవాడు. ఇప్పుడు అక్కడ ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు మలుపు తిరుగుతాయి. అప్పుడు లారీలు ఆగేవి. నేను ఆరో తరగతి. బడి వదలగానే గ్రంథాలయానికి పోతే, తాళం వేసే టైమయిందని లేపేదాకా లేచేదాన్ని కాదు. మోటారు బండ్ల కరెంటు గురించిన పుస్తకం ఒకటి రెండుసార్లు చదివాను. ఫ్యూజు అంటే ఏమిటో, రిలే అంటే ఏమిటో మా తరగతి మొత్తంలో నాకే తెలుసని నా గర్వం. ఆ తర్వాత షెడ్డుకు పోయి పెద్దబాపుకు పేపరు చదివి వినిపించేదాన్ని. “కండ్లు సరిగ కనిపిస్తలేవు బిడ్డా, జర చదువు” అనేవాడు. నేను గొంతు పెంచి చదివేదాన్ని.

ఊళ్లో పెద్ద బంగ్లా ఉన్న సారుది ఆ కారు, ఒక ఎండాకాలం షెడ్డుకు వచ్చింది. విదేశం నుంచి ఎప్పుడో తెప్పించుకున్న పెద్ద కారు, మీట నొక్కితే అద్దాలు దిగేవి. కానీ అప్పటికే పాతబడి, నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. పట్నంలో ఇద్దరు ముగ్గురు చూసి వదిలేశారట. శుక్రవారం పొద్దున షాద్‌నగర్ చర్చిలో సారు కూతురి పెళ్లి. ఆ అమ్మాయి ఆ కారులోనే పోవాలని పట్టు పట్టింది. “గురువారం సందెకు ఇస్త సారు” అని పెద్దబాపు మాటిచ్చాడు. ఇచ్చిన మాట తప్పినవాడు కాదు.

కారు లోపల వైర్లన్నీ నల్లవే. ఎవరెవరో విప్పి, దొరికిన వైరుతో అతికించి వదిలేశారు. రిలే అంటే స్విచ్చు వేయగానే టిక్కుమని కరెంటును ముందుకు పంపే చిన్న డబ్బా. ఆ కారులో అవి ఒకచోట లేవు. ఒకటి వెనక సీటు కింద, ఒకటి కాళ్ల దగ్గర పరిచిన పట్టా కింద, ఇంకొకటి ఎక్కడుందో తెలియదు. పెద్దబాపు నాలుగు రోజులు కారు కింద పడుకొని, లోపల పాకి, ఒక్కో వైరు వెంట వేలు పోనిచ్చాడు. దొరికినదానికల్లా పెద్దమ్మ పాత చీర పేలిక ఒకటి కట్టాడు. ఎర్రది, పసుపుది, నీలిది, కొన్నిటికి ఒక ముడి, కొన్నిటికి రెండు. గురువారం పొద్దున, పాడైన రిలే లాంటిదే ఇంకొకటి వెతకడానికి బస్సెక్కి పట్నం పోయాడు.

నేను మధ్యాహ్నం షెడ్డుకు వచ్చాను. అంత అందమైన కారు నిండా మురికి పేలికలు! సాయంత్రం సారు చూస్తే ఏమనుకుంటాడు అనిపించింది. పేలికలన్నీ విప్పేశాను. నోటుబుక్కులో కాగితాలు చింపి, పుస్తకంలోని బొమ్మ గుర్తు చేసుకుంటూ, గుండ్రని అక్షరాలతో ‘హారన్’, ‘లైటు’, ‘పెట్రోలు పంపు’ అని రాసి వైర్లకు అంటించాను. పేలికలను షెడ్డు వెనక పొయ్యిలో వేశాను. పెద్దబాపు మెచ్చుకుంటాడని గుమ్మంలో కూర్చుని ఎదురుచూశాను.

పెద్దబాపు వచ్చి కారు తలుపు తీశాడు. ఒక కాగితాన్ని వేలితో తాకాడు.

“ఇది ఏమంటది బిడ్డా?”

“హారన్, పెద్దబాపూ.”

“ఇది?”

“లైటు.”

“ఎట్ల తెలిసింది?”

“పుస్తకంల ఉంది.”

“ఈ కారు గురించి ఉందా అండ్ల?”

ఆ పుస్తకంలో ఉన్నది ఏదో ఒక కారు. అంతకంటే పెద్ద సంగతి అప్పుడే తెలిసింది. వెంట్రుకంత సన్నగా తెగిన తీగను చీకటి మూలలో పట్టే ఆ కండ్లకు పేపరులో అక్షరాలు కనిపించకపోవడం ఏమిటి? పెద్దబాపుకు చదువు రాదు. ఆ పేలికలే ఆయన రాత. రెండు ముళ్లంటే లోపల కాలింది, మార్చాలి అని. దాన్ని నేను కాల్చేశాను.

ఆ సందెకు పెళ్లి పనుల్లో పడి సారు రాలేదు; పెద్దబాపు రాత్రంతా వెతికినా, మర్నాడు పొద్దున సారు వచ్చినప్పుడు కారు ఇంకా విప్పే ఉంది. “పట్నపోళ్లతోని కాలేదని నీ దగ్గరికి తెచ్చిన. నువ్వు గూడ గంతేనా?” అని అరిచాడు. నేను స్తంభం వెనక నిలబడి ఉన్నాను. పెద్దబాపు నా వైపు చూడను కూడా చూడలేదు. “నాదే తప్పు సారూ. గుర్తులు కలగలిసినయ్” అన్నాడు. నేను ఒక్క అడుగు ముందుకు వేస్తే సరిపోయేది. వేయలేదు. పెళ్లికూతురు ఎవరిదో జీపులో షాద్‌నగర్ పోయింది.

సారు వెళ్లాక పెద్దబాపు నన్ను పిలిచి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. “నేను అన్నప్పుడు స్విచ్చు వెయ్యి” అని, కారు లోపలి అడుగుకు చెంప ఆనించి పడుకున్నాడు. కాసేపటికి, “ఇగ నువ్వు విను” అని నా తల అక్కడ ఆనించాడు. పట్టా కింద ఎక్కడో టిక్కుమంది. నా ఏడుపు ఆగితే గాని అది వినపడలేదు. పెద్దమ్మ చీర కొంగు చింపి ఇస్తే ప్రతి పేలికా నా చేతే కట్టించాడు. సాయంత్రానికి కారు నడిచింది. దాన్ని తీసుకుపోయిన సారు మళ్లీ షెడ్డు మెట్టెక్కలేదు. పెద్దబాపు ఆ కారు కాడ ఓడిపోయాడనే ఊరంతా చెప్పుకుంది. పెద్దబాపు ఒక్కసారి కూడా నా పేరు ఎత్తలేదు, పెద్దమ్మతో కూడా. సాయంత్రాలు పేపరు మాత్రం అట్లాగే చదివించుకున్నాడు. నేను గొంతు తగ్గించి, మెల్లగా చదవడం నేర్చుకున్నాను.

ఇప్పటికీ పుస్తకాలు చదువుతూనే ఉన్నాను. కానీ ఎవరి వంటింట్లోనైనా, ఎవరి సంచిలోనైనా అర్థం కాని ముడి కనిపిస్తే, విప్పకముందు ఇది ఏంది అని అడుగుతాను.

మొన్న దినాల తర్వాత అంతా చెప్తే, ఇది రాయమని ధైర్యం చెప్పిన పెద్దమ్మకు, ఇన్నేళ్లకు నిజం చెప్తే కోప్పడకుండా చాయ్ పోసి ఇచ్చిన, ఆనాడు పెళ్లికూతురైన అక్కకు, ఆ పుస్తకం నా చేతికిచ్చిన గ్రంథాలయం సారుకు దండాలు. తప్పు పుస్తకానిది కాదు. పెద్దబాపూ, నీకు దండం కాదు, క్షమాపణ. ఆ కారు కాడ నువ్వు ఓడిపోలేదు. నేను స్తంభం వెనక నిలబడ్డాను.