వంతు పుస్తకం

మా చిన్నప్పుడు పలాసలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్తే చెప్పులు బయటే విప్పాలి... లోపల ఏసీ, నాలుగు కంప్యూటర్లు, గట్టిగా మాట్లాడరాదని గోడకి అంటించిన కాగితం. పదో తరగతి పరీక్షలయ్యాక ఆ సెలవుల్లో మొదలుపెట్టాను, రోజూ ఒక గంట. ఇంట్లో మాత్రం చదువు కోసమని చెప్పేదాన్ని.

చదువూ లేదు, గిదువూ లేదు. అక్కడొక గ్రూపు ఉండేది. ఒక పాత జానపద నవల, దాని ఆధారంగా తీసిన నలుపు తెలుపు సినిమా... ఆ రెండింటి అభిమానులూ అందులో చేరేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ, మాంత్రికుడి కోటకి ఎన్ని వాకిళ్ళు, సినిమాలో ఎందుకు తగ్గించారు అని రోజుల తరబడి తగువులు! హైదరాబాదు, బెంగుళూరు, దుబాయ్ నుంచి ఎవరెవరో... మా ఉద్దానం వైపు నుంచి నేనొక్కదాన్నే. గ్రూపు నడిపే ఆయన్ని అందరం అన్నయ్యా అనేవాళ్ళం. ఆయన నన్ను చెల్లెమ్మా అని రాస్తే పొంగిపోయేదాన్ని.

అసలు తగువు ముగింపు దగ్గర. సినిమాలో రాజకుమారుడు మాంత్రికుణ్ణి చంపుతాడు. బజార్లో దొరికే పుస్తకంలోనూ అంతే. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మాత్రం చంపింది పడవ నడిపే జాలరి పిల్ల. ఆ మాట నేనంటే ఒక్కరూ నమ్మలేదు. పల్లెటూరి పిల్ల పగటికలలు కంటోంది అని ఒకాయన రాశాడు. ఒళ్ళు మండిపోయింది... ఎందుకంటే ఆ సీరియల్ మొత్తం మా మేనత్త దగ్గర ఉంది.

అత్త వాళ్ళది పూండి దాటి సముద్రం వైపు ఊరు. పక్కిల్లు దమయంతి పిన్నిది. ఇద్దరూ పెళ్ళై ఆ ఊరొచ్చిన కొత్తల్లో ఆ పత్రికని ఒక వారం ఈవిడ, ఒక వారం ఆవిడ కొనేవారట. సీరియల్ కాగితాలు చింపి దాచి, కథ అయిపోయాక వల కుట్టే నైలాన్ దారంతో కుట్టి, క్యాలెండర్ అట్ట వేశారు. అందుకే అది ఇద్దరిదీ. ఉగాది నుంచి దసరా దాకా అత్త ఇంట్లో, దసరా నుంచి ఉగాది దాకా పిన్ని ఇంట్లో... పాతికేళ్ళుగా వంతు తప్పలేదు. చదివినా చదవకపోయినా పుస్తకం గడప దాటాల్సిందే.

ఈ సంగతంతా గ్రూపులో పెడితే, ఆ పుస్తకం పంపు చెల్లెమ్మా, స్కాన్ చేసి నెలలో వెనక్కి పంపిస్తాను, అందరి నోళ్ళూ మూయిద్దాం అని అన్నయ్య రాశాడు.

దసరా సెలవులకి అత్త ఇంటికి వెళ్ళాను. పండగ మర్నాడు అత్త ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి, పక్కింట్లో ఇచ్చి రమ్మంది. నేను పెరటి వైపు నుంచి తిరిగొచ్చి, నా సంచీలో బట్టల కింద పెట్టుకున్నాను. నెల రోజులే కదా... పలాస వచ్చిన రోజే రిజిస్టర్ పోస్టు చేసేశాను.

దీపావళికి మళ్ళీ వెళ్తే, అరుగు మీద ఇద్దరూ నిలబడి ఉన్నారు. నా వంతు పుస్తకం రాలేదేమని పిన్ని అడిగిందట. పిల్ల చేత పంపాను కదా అని అత్త అందట. నన్ను పిలిచి, ఆవిడ ముందే అడిగింది, ఇచ్చావా లేదా అని.

"ఇచ్చాను," అన్నాను.

ఇంకో పది రోజుల్లో వచ్చేస్తుంది, ఎలాగోలా వాళ్ళింట్లో పెట్టేద్దాం అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

"నా మేనకోడలు అబద్దమాడదు వదినా. మీ ఇంటిలోనే ఎక్కడో ఎట్టీసుంటావు, సూసుకో," అంది అత్త.

పిన్ని చాలాసేపు నా మొహమే చూసింది.

"అంటే నాను దొంగనేటి వదినా?" అని మెల్లిగా అని, వెళ్ళిపోయింది.

నెలైంది, రెండు నెలలైంది... పుస్తకం రాలేదు. ఎన్ని మెయిళ్ళు పెట్టినా జవాబు లేదు. ఒకరోజు గ్రూపు తెరిస్తే మొత్తం సీరియల్ స్కాన్ చేసి ఉంది! పైన "నా సొంత సేకరణ నుంచి" అని, ప్రతి పేజీ కిందా అతని పేరు. జాలరి పిల్లే చంపిందని తేలింది. నా మాటే నెగ్గింది, నా ఊసు మాత్రం ఎక్కడా లేదు. పుస్తకం ఎప్పుడు పంపుతావు అన్నయ్యా అని అందరి ముందూ రాశాను. మర్నాటికి నన్ను గ్రూపులోంచి తీసేశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే... అదీ నా సంగతి.

కసితీరా తిట్టుకున్నాను వాణ్ణి. కానీ వాడు మోసం చేసింది ముక్కూమొహం తెలియని పిల్లని. నేను ఎవరిని చేశాను?

అత్తా పిన్నీ పన్నెండేళ్ళు మాట్లాడుకోలేదండీ. గోడ మీదుగా అటూ ఇటూ వెళ్ళే కూరగిన్నెలు ఆగిపోయాయి. పిన్ని కూతురి పెళ్ళికి అత్త వెళ్ళలేదు. నేను అన్నీ చూస్తూ నోరు మూసుకుని ఉన్నాను.

నాకు పెళ్ళై, ఒక పిల్ల పుట్టాక, చెప్పేశాను. అత్త తిట్టలేదు.

"నీ మాట నమ్మి, దాని మాట తోసీసినాను," అంది. అని నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళింది.

దమయంతి పిన్ని చేట ముందు కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. నేను చెప్పిందంతా చేతి పని ఆపకుండా విన్నది. ఏం చెయ్యాలో తోచక గబగబా ఫోన్ తీసి, స్కాన్ ఇప్పటికీ ఉంది పిన్నీ, మొత్తం చదువుకోవచ్చు అని చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక పేజీ జరిపింది... ఇంకోటి... ఇంకోటి...

"పతీ కాయితం మీదా ఇదే పేరుంది. ఈడెవులు?" అని అడిగింది.

అన్ని నెలలు అన్నయ్యా అని పిలిచాను. ఎవరో నాకూ తెలియదు.

ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు, అవసరం మేరకి. ఈ రోజుల్లో ఏ పాత నవలైనా నిమిషంలో ఫోన్లోకి వచ్చేస్తోంది... అది ఏ ఇంట్లోంచి వచ్చిందని ఎవరూ అడగరు. మీ ఇళ్ళల్లో కూడా అలా సీరియళ్ళు చింపి, కుట్టి దాచుకున్నవాళ్ళు ఉన్నారా? కథ పేరు లేకపోయినా పరవాలేదు... కుట్టిన వాళ్ళ పేరు రాయండి.