బోర్నియోలో సోమవారం రాహుకాలం

ఓడ ఎక్కిన రెండో పూటకే మా వదినను చూస్తే నాకు ఒళ్లు మండడం మొదలైంది. అసలే ఆ ఓడ నన్ను సగం విసిగించింది. కాఫీకి వరస, లిఫ్టుకి వరస, మంచం మీద తువ్వాళ్లతో చేసిపెట్టిన ఏనుగు, దాన్ని విప్పితే తప్ప ఒళ్లు తుడుచుకునే గతి లేదు. ఇవన్నీ చాలవన్నట్టు మా వదిన పెత్తనం. భోజనాల హాల్లో మా అన్న తినే పళ్లెం ఆవిడే పట్టుకొస్తుంది. పక్కన కూర్చుని "కుడిపక్క అన్నం, ఎడమపక్క పప్పు, మధ్యలో పెరుగు" అని ఒప్పజెబుతుంది. మెట్ల దగ్గర "మూడే, మెల్లగా" అంటుంది. మామిడితోపు ఒంటిచేత్తో నడిపిన మనిషిని ఇంతలా గుప్పిట్లో పెట్టుకుందేమిటని నేను పళ్లు నూరుకున్నాను.

ఈ ప్రయాణం తలపెట్టింది నేనే. రెండేళ్ల క్రితం మదురైలో కంటి డాక్టరు అన్న కంటి నరం దెబ్బతిందని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పాడు. నేను అడిగినప్పుడల్లా అన్న ఒకటే మాట: "పక్కచూపే కొంచెం పోయినాది పాపా, ఎదురుగా బాగానే తెలుస్తాది." పాప అంటే నేనే. ఏభై ఎనిమిదేళ్లు వచ్చినా ఆయనకు నేను పాపనే.

చిన్నప్పుడు నాన్న అన్నను మా ఊరు రాజపాళయానికి పడమరనున్న కొండమీదికి తీసుకుపోయాడు. అక్కడ అన్న ఇరువాచిని చూశాడు. ముక్కు మీద ఇంకో ముక్కు మోసుకు తిరిగే పెద్ద పక్షి అది. ఆడపిల్లనని నన్ను తీసుకుపోలేదు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఆ కథ అన్న ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పోయినేడు మాత్రం చివర్లో "ఇంకొక మాటు చూస్తే చాలు" అన్నాడు. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. సింగపూరులో ఎక్కితే బోర్నియో అడవిలో నది మీద పడవలో తిప్పి ఆ జాతి పక్షులను చూపిస్తారని ఓడవాళ్ల పుస్తకంలో చదివాను. చూపు ఉండగానే చూడాలి కదా అని మా ముగ్గురికీ టికెట్లు తీశాను.

వదిన సంచీలో ఏముందో నాకు ఓడ ఎక్కాక గానీ తెలియలేదు. గోడ మీది డైలీ క్యాలెండరు నుంచి ఏడు రోజుల షీట్లు చింపి, గుండుసూది గుచ్చి తెచ్చుకుంది. పడవ ప్రయాణం సోమవారం. ఎనిమిదింటికి ఓడ దిగి బస్సెక్కాలి. ఏడు ముక్కాలుకు నేను టోపీ పెట్టుకుని తలుపు కొడితే ఆవిడ షీటు చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఏడున్నర నుంచి తొమ్మిది వరకు రాహుకాలం అమ్మా. ఇప్పుడు అడుగు బయట పెట్టేది లేదు."

"వదినా, ఈ షీటు శివకాశిలో అచ్చయింది. మన ఊర్లో ఇప్పుడు మణి అయిదు పదిహేను. ఆ టైముకి ఏ రాహుకాలం ఉండాది, చెప్పండి?"

ఆవిడ అన్న వైపు చూసింది. "సరి, ఊరి టైమే లెక్క" అని చెప్పులు వేసుకుంది. గెలిచానని నేను లోలోపల పొంగిపోయాను.

బస్సులో రెండు గంటల పైన. గైడమ్మ మైకు దించలేదు. దారిలో ఒకచోట కోతులు కనిపిస్తే బస్సంతా దిగి ఫోటోలు తీసింది. మా తోపులో వీటిని తరమడానికి టపాకాయలు కాలుస్తాం. చివరికి నది ఒడ్డుకు చేరేసరికి పదీపావు. అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కుంటున్నారు. వదిన సంచీ తెరిచి మళ్లీ ఆ షీటు తీసింది.

"ఊర్లో ఇప్పుడు ఏడు ముక్కాలు. రాహుకాలం. నువ్వే కదమ్మా చెప్పినావు, ఊరి టైమే లెక్క అని."

నా లెక్కే నా మెడకు చుట్టుకుంది. పడవ నిండా జనం చూస్తుండగా గైడమ్మకు రాహుకాలం అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. ఒకావిడ అది ఉపవాసమా అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అన్నా, నువ్వన్నా చెప్పు."

"ఉండనీ పాపా. నువ్వు పోయి రా. నువ్వు చూస్తే నేను చూసినట్టే."

అప్పుడు నోరు జారాను. ఏనాడూ వదినను మీరు అని తప్ప పిలవనిదాన్ని. "చూపు ఉన్నప్పుడే చూపించాలని ఇంత దూరం పిలుచుకొని వచ్చినాను. నీ కాగితం ముక్క కోసం అది కూడా చెడిపినావు" అన్నాను. వదిన వెళ్లి అన్న చెయ్యి పట్టుకుని రేకుల కప్పు కింద బల్ల మీద కూర్చోబెట్టింది.

నేనొక్కదాన్నే పడవెక్కాను. పక్షులు వెతకనక్కర లేకుండానే వచ్చాయి, రెండు. ముందు రెక్కల చప్పుడు, తడి దుప్పటి దులిపినట్టు. పడవలో ప్రతివాళ్లూ చెయ్యి చాపి అదిగో అదిగో అని అరిచారు. నాకు సంతోషం లేదు. కసి కొద్దీ ఫోటోలు తీశాను.

తిరిగొచ్చాక వదిన మొహం చూడకుండా, ఫోటో తెరిచి ఫోను అన్న చేతిలో పెట్టాను. నా లైఫ్ జాకెట్ ముడి ఊడదీసుకుంటూ నిలబడ్డాను. అన్న ఫోను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎంత అందం పాపా! ఆ ముక్కు చూడు" అన్నాడు.

వంగి చూశాను. తెర ఎప్పుడో ఆరిపోయింది. నల్లటి అద్దంలో పైన రేకులు తప్ప ఏమీ లేవు.

అన్నను బస్సులో కూర్చోబెట్టి వదిన నా కోసం దిగి వచ్చింది.

"మూడు నెలలైందమ్మా. వెలుతురు తెలుస్తాది, అంతే. నువ్వు ఆశగా టికెట్టు తీసినావని, నీకు చెప్పవద్దన్నాడు. పడవలో అందరూ చెయ్యి చూపిస్తే నేను ఎటు చూసేదే అని రాత్రంతా అడిగినాడు. మన ఇంట్లో రాహుకాలమంటే ఎవరూ ఎదురు చెప్పరు కదా, అందుకే షీటు తీసినాను."

నేను ఆవిడ చేతిలోని షీటు వైపు చూశాను.

"నెలనెలా సోమవారం ఏడున్నర బస్సుకే మదురై పోతాము, డాక్టరు దగ్గరికి. ఏ రాహుకాలం చూసినాము?" అని, షీటు మడిచి సంచీలో పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం ఓడలో అన్న పళ్లెం నేను పట్టుకొచ్చాను. పక్కన కూర్చుని, కుడిపక్క అన్నం అని చెప్పబోయి ఆగాను. వదిన వైపు తిరిగాను. వదినే చెప్పింది.