మా మరిది గారి అడవి యాత్ర

మా మరిది దాన్ని టూరు అంటే ఒప్పుకునేవాడు కాదు. ఎక్స్‌పెడిషన్ అనాలి. దసరా సెలవుల్లో ఒక పొద్దున ఖమ్మంలో మా ఇంటి ముందు అతని పెద్ద కారు ఆగింది. వెనక రెండు సైకిళ్ళు, నెత్తిన డేరాల మూటలు, పక్కన తోలు పట్టీలతో కట్టిన చిన్న పార, చిన్న గొడ్డలి. ఎవరింట్లోనో బోరు వేయడానికి వచ్చారని మా పక్కింటావిడ అనుకుంది. అతను దిగి, మోకాళ్ళ దాకా జేబులున్న ప్యాంటు దులుపుకుని, "వదినా, రెడీయేనా? మూడు రోజులు ఫోన్లు బంద్, ఫ్యాన్లు బంద్, ఓన్లీ నేచర్" అన్నాడు. అలా అంటూనే ఫోను చూసుకున్నాడు.

అతను మా చెల్లెలి భర్త. హైదరాబాదులో నాలుగో అంతస్తు ఫ్లాటులో పుట్టి, మరో అపార్టుమెంటులో పెరిగి, అద్దాల ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడు. చెల్లి కూడా అక్కడే పనిచేస్తుంది. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన రెండేళ్ళకు అతనికి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది, దానితోపాటు వీడియోలు పెట్టుకునే ఒక ఛానలూ పుట్టింది. ఆ వీడియోలు తీయడానికి ఆఫీసు స్నేహితుడొకడు ఎప్పుడూ వెంట ఉంటాడు. చెప్పిన చోటల్లా కెమెరా పెడతాడంతే, ఆ మనిషి నోటి నుంచి నేను పది మాటలు కూడా వినలేదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవుల్లో ఇంట్లో కూర్చుని నిద్రపోవాలనుకునే మనిషిని. వెళ్ళింది చెల్లి కోసం. ముందు రోజు ఫోన్ చేసి, "నువ్వొస్తెనే నేను పోత అక్కా. లేకుంటె ఆయన, ఆ కెమెరాయన, నడుమ నేను" అంది. ఆ గొంతు విన్నాక కాదనలేకపోయాను.

ఏన్కూరు వైపు పోతున్నంతసేపూ అతను అడవి గురించి మాకు పాఠం చెప్పాడు. మధ్యలో అద్దంలోంచి నా వైపు చూసి, "మీకు చెప్పేదేముంది వదినా, అడవి మీ వాళ్ళ రక్తంలోనే ఉంటుంది కదా" అన్నాడు. పొగుడుతున్నాననే అనుకుంటున్నాడు. మేము తండాలో పుట్టినవాళ్ళం, నిజమే. కాని నన్ను ఏడేళ్ళకే హాస్టల్లో వేశారు, చెల్లిని కూడా అంతే. మాకు తెలిసింది హాస్టలు గంట, వరసలో నిలబడి తినే అన్నం, పరీక్షలు. టేకు చెట్టు తప్ప మరో చెట్టు పేరు నేను చెప్పలేను. అడవి తెలిసింది మా యాడికి, అంటే మా అమ్మకు. నెత్తి మీద కట్టెల మోపు మోయాల్సి వచ్చింది కాబట్టి తెలిసింది. ఇంటికి గ్యాసుపొయ్యి వచ్చిన రోజు ఆమె మసి పట్టిన గోడకు సున్నం వేసుకుంది. ఆ తర్వాత ఊరికే చూసి వద్దామని కూడా అడవి దిక్కు పోలేదు. కురిసే కప్పు కింద నుంచి స్లాబు కిందికి చేరడానికి మా ఇంట్లో రెండు తరాలు పట్టింది. ఈయన సెలవు పెట్టి మరీ గుడ్డ కింద పడుకోవడానికి వచ్చాడు. నాకు కోపం రాలేదు. రోత పుట్టింది.

తండాలో మా ఇంటి దగ్గర ఆగాం. యాడి రొట్టెలు చేసి, కోడికూర వండి పెట్టింది. అతను ముట్టలేదు. దారిలో వేడినీళ్ళు పోస్తే ఉడికిపోయే పొట్లాలు తెచ్చుకున్నాడట, అవి తినడం కూడా ఎక్స్‌పెడిషన్‌లో భాగమట. ఇంట్లో మంచాలుండగా బయట పడుకోవడం ఎందుకని యాడి అడిగితే, క్యాంపింగ్ అంటే ఏమిటో చాలాసేపు చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, అల్లుడి ఉద్యోగం పోయిందా అని మా భాషలో నన్ను అడిగింది. ఏమంటోంది అని అతను నన్ను అడిగాడు. జాగ్రత్తగా వెళ్ళి రమ్మంటోందని చెప్పాను.

ఆ తర్వాత జరిగింది నేను మరిచిపోలేను. మా ఇంటి పక్కన ఎవరిదో మేకల పాక ఉంది, తాటాకు కప్పినది. అతను చెల్లిని తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టాడు. కెమెరా వైపు తిరిగి, నా వైఫ్ పుట్టి పెరిగిన గుడిసె ఇదే అన్నాడు. చెల్లి నవ్వలేదు, కాదనలేదు. మా నాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. పిల్లలకు ఎకరమైనా మిగల్చలేకపోయానని బాధపడతాడే కాని, ఆ స్లాబు ఇంటి గురించి ఎవరితో చెప్పినా ఆయన గొంతు మారిపోతుంది. అలాంటి మనిషి లేచి, మంచం ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మేము బయలుదేరేటప్పుడు కూడా తీయలేదు. "మామయ్య షై కదా" అన్నాడు మా మరిది.

ఆ రోజు పాల్వంచ దాటాక ఒక బీడు చేనులో, వాగు ఒడ్డున డేరా వేశాడు. వేయడానికి సాయంత్రమంతా పట్టింది. అందులో సగం సమయం, వేసిన డేరాను మళ్ళీ విప్పి, వేస్తున్నట్టు చిత్రీకరించడానికే పోయింది. చీకటి పడ్డాక వాన అందుకుంది. డేరా జిప్పు పడలేదు. నేనూ చెల్లీ తడిసిన దుప్పట్లో ముడుచుకుని కూర్చున్నాం. పైనుంచి వీడియో తీసే డ్రోను తడిస్తే కష్టమని అతనూ స్నేహితుడూ దాన్ని తీసుకుని కారులోకి పోయారు. డ్రోనుతో పాటు వాళ్ళూ పొడిగానే ఉన్నారు. తెల్లవారాక అద్దం దించి, "ఎట్లుంది వదినా, రియల్ ఎక్స్‌పీరియెన్స్?" అని అడిగాడు.

మరుసటి రోజు సైకిళ్ళు. మణుగూరు రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. ఆ దుమ్ములో సైకిలు తొక్కడం ఆరోగ్యమని అతను ఎక్కడ చదివాడో నాకు తెలియదు. పల్లం వచ్చినప్పుడు అతను తొక్కేవాడు, స్నేహితుడు కారులోంచి తీసేవాడు. ఎత్తు వచ్చినప్పుడు సైకిలు కారెక్కేది. చెల్లి మాత్రం ఎత్తులోనూ తొక్కింది. కెమెరా తన వైపు లేదు కాబట్టి ఎప్పుడు ఆపాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పినపాక చేరేసరికి ఆమె ముక్కు రంధ్రాలు నల్లగా ఉన్నాయి. మా మరిది మొహం తుడుచుకుని, చెల్లి బుగ్గ మీది మసి వేలితో తీసి తన బుగ్గల మీద పూసుకున్నాడు. ఫోటో కోసం.

అక్కడ గోదావరి ఒడ్డున మళ్ళీ డేరాలు దించుతుంటే, పశువులు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు. మా కర్రలు, తాళ్ళు, మూడుకాళ్ళ స్టాండు చూసి ఆయన మొహంలో భయం కనబడింది. "సర్వేకు వచ్చిండ్రా సారూ? భూములు పోతయా?" అని అడిగాడు.

"అదేం కాదు పెద్దాయనా, మేం ఎక్స్‌ప్లోరర్స్. వెతుక్కుంటూ తిరుగుతాం" అన్నాడు మా మరిది.

"ఏం దొరుకుతదని ఎతుకుతున్నరు?"

ఆ మాటను మా మరిది సాయంత్రమంతా చెప్పుకుని నవ్వాడు. ఆ ముసలాయన చేను పోతుందేమోనన్న భయంతో అడిగాడని అతని బుర్రకు ఎక్కలేదు. నేను పొట్లం అన్నం మెతుకులు నములుతూ, ఈ మనిషి జీతం తీసుకుని ఏ పని చేస్తాడా అని ఆలోచించాను.

మూడో రోజు గుట్ట ఎక్కాలి. గుట్ట కింద కోయవాళ్ళ గుంపు ఉంది, పది పదిహేను ఇళ్ళుంటాయి. ఒక ఇంటి ముందు కారు పెడతామంటే ఆ ఇంటామె సరేనంది. తాళం పారేసుకుంటానని మా మరిది దాన్ని చెల్లి సంచిలో వేశాడు. వానలకు బాట జారుడుగా ఉంది. సగం కూడా ఎక్కకముందే చెల్లి తడి బండ మీద కాలు జారి పడింది. ఎడమ కాలి చీలమండ మెలిపడి, చూస్తుండగానే వాచింది. ఆమె నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. మా మరిది వెనక్కి తిరిగి స్నేహితుణ్ణి అడిగిన మొదటి మాట, పడ్డది కెమెరాలో వచ్చిందా అని. రాలేదన్నాడు.

అప్పుడు మందుల పెట్టె తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చెల్లి కాలు తొడ మీద పెట్టుకుని, శ్రద్ధగా పట్టీ చుట్టాడు. ఒక్క క్షణం నేను కూడా మెత్తబడ్డాను. స్నేహితుడు కెమెరా దించి, మొహం మీద ఎండ పడలేదు, మసకగా వచ్చిందన్నాడు. మా మరిది చుట్టిన పట్టీని విప్పాడు. అటు తిరిగి కూర్చుని, చెల్లి కాలు ఎత్తి మళ్ళీ తొడ మీద పెట్టుకుని, మొదటి నుంచి చుట్టాడు. రెండోసారి చుడుతున్నప్పుడు చెల్లి కళ్ళలోంచి నీళ్ళు జారాయి. "సూపర్, ఇది ఉంచు" అన్నాడు స్నేహితుడితో.

నేను కిందికి పోదామన్నాను. ఇంత దూరం వచ్చి పైదాకా పోకపోతే వీడియోకు అర్థం లేదన్నాడు. మమ్మల్ని నీడలో కూర్చోమని, గంటలో వస్తామని చెప్పి ఇద్దరూ ఎక్కిపోయారు. కాసేపటికి గుట్ట మీద డ్రోను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అదీ లేదు. గంట దాటింది. ఎండ మా నీడలోకి వచ్చింది. మేము పక్కకు జరిగాం, అక్కడికీ వచ్చింది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. నేను అతన్ని తిడుతూనే ఉన్నాను. చెల్లి తిట్టలేదు, వెనకేసుకురాలేదు. చాలాసేపటికి మా భాషలో, మెల్లగా అంది: "అక్కా, కారు తాళం నా దగ్గరనే ఉంది."

దిగడం అంత తేలిక కాలేదు. నా భుజం మీద చెయ్యి వేసి ఒంటికాలి మీద కుంటుతూ, బాట బాగాలేని చోట కూర్చుని జరుగుతూ వచ్చింది. నా చీర కుచ్చిళ్ళు ముళ్ళకు చిరిగాయి. ఇద్దరం ఒకసారి కలిసి పడ్డాం, నా మోచేయి చెక్కుకుపోయింది. కిందికి వచ్చాక ఆ ఇంటామె పీట వేసి నీళ్ళిచ్చింది. చెల్లి తాగి, కారు వెనక తలుపు తీయమని నాకు చెప్పింది. ఆమె పీట మీద కూర్చుని చెబుతుంటే నేను ఒక్కొక్కటే దించాను. సైకిళ్ళు, డేరాలు, పొయ్యి, పొట్లాలు, పార, గొడ్డలి, అతని సంచి. అన్నీ అరుగు మీద వరసగా పెట్టాను. ఆయన వస్తే మేము భద్రాచలం దవాఖానాకు పోయామని చెప్పమని చెల్లి ఆ ఇంటామెను అడిగింది. ఆమె సామాను వైపు, చెల్లి కాలి వైపు చూసి, సరే చెబుతానంది.

గేర్లు మార్చే పని లేని బండి అది, ఎడమ కాలితో అవసరమే లేదు. చెల్లే నడిపింది. గుంతల్లో కారు ఎగిరినప్పుడల్లా పళ్ళు బిగించింది కాని, తారురోడ్డు ఎక్కాక కిటికీ దించి గాలి పీల్చుకుంది. మూడు రోజుల్లో ఆమె మొహం తేటగా కనబడింది అప్పుడే.

దవాఖానాలో ఎక్స్‌రే తీసి, ఎముక చిట్లిందని చెప్పి పిండికట్టు వేశారు. కట్టు ఆరుతుండగా మా మరిది ఫోను వచ్చింది. చెల్లి స్పీకరు పెట్టింది.

"కారు తీస్కపోయినవా?" అన్నాడు.

"ఆఁ."

"కెమెరా కార్డులు డ్యాష్‌బోర్డులో ఉన్నయ్. అవి జాగ్రత్త."

కాలు ఎలా ఉందని అడుగుతాడేమోనని చూశాం. అడగలేదు. "అడవిల ఎట్ల బతకాల్నో చూపిస్తనన్నవ్ కదా. బతికి రా" అని చెల్లి పెట్టేసింది.

వాళ్ళు మర్నాడు మధ్యాహ్నం సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని భద్రాచలం వచ్చారు. ఆ రాత్రి డేరా వేయలేదట. ఆ ఇంటామె అరుగు మీద మంచాలేస్తే పడుకున్నారు, ఆమె వండిన అన్నం, పప్పు తిన్నారు. వీడియోలో మాత్రం, ఒక తెగవాళ్ళు నన్ను తమవాడిగా అంగీకరించారు అని చెప్పుకున్నాడు. చెల్లిని గుట్ట మీద నుంచి భుజాన వేసుకుని దించానని కూడా చెప్పాడు. ఆ మాట దగ్గర రెండోసారి పట్టీ చుట్టిన దృశ్యం, మెల్లగా, సంగీతంతో.

కట్టు విప్పే వరకు చెల్లి నా దగ్గరే ఉంది. అతను ఆదివారాలు బత్తాయిలు పట్టుకుని వచ్చేవాడు. మా పక్కింటివాళ్ళకు గుట్ట కథ చెప్పేవాడు, ప్రతిసారీ గుట్ట కాస్త పెరిగేది. క్షమించమన్న మాట ఒక్కసారీ నా చెవిన పడలేదు. అలా అడగాల్సిన పని చేశానని అతనికి తెలిస్తే కదా.

ఒక మధ్యాహ్నం చెల్లి కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని ఆ వీడియో కింద ఒక మాట రాసింది: దించింది మా అక్క. కొద్దిసేపటికి అది మాయమైంది. ఆమె మళ్ళీ రాసింది, మళ్ళీ మాయమైంది. సాయంత్రం దాకా భార్యాభర్తలిద్దరూ రెండు ఊళ్ళలో కూర్చుని ఇదే పని చేశారు. చివరికి అతను ఆ వీడియో కింద ఎవరూ ఏమీ రాయకుండా మూసేశాడు. చెల్లి ఫోను పక్కన పెట్టి, ఆకలేస్తోంది అక్కా, ఏమన్నా పెట్టు అంది. వేడి అన్నంలో పచ్చడి, నెయ్యి వేసి పెట్టాను. ఇద్దరం ఫ్యాను కింద కూర్చుని తిన్నాం.