కూర్చుని కొండెక్కిన మా పద్మక్క

నిన్న పొద్దున్న ల్యాబ్‌లో శాంపిల్స్ సర్దుకుంటుంటే పక్కింటి బావగారి ఫోన్.

"అమ్మాయ్, మీ పద్మక్క వెళ్ళిపోయిందమ్మా."

ఎక్కడికండీ అని అడిగాను.

నిజంగానే అడిగాను. అక్క ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి వెళ్తూనే ఉండేది మరి.

కాఫీ తాగి, కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతూ అలాగే ఒరిగిపోయిందట. హార్ట్ ఎటాక్ అన్నారు.

ఇంకా నమ్మకం కుదరడం లేదు. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం: పద్మక్క మాకు చుట్టం కాదు, వాళ్ళాయన్ని బావగారు అనడం కూడా అలవాటుకొద్దీ. రాజమండ్రిలో మా పక్కిల్లు. బస్ కండక్టర్‌గా రిటైరైంది. పుట్టింది పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో. "మా ఊళ్ళో ఎత్తంటే కాలవగట్టేనే. అదెక్కితే పక్కూరు కనపడేది. మాకదే గొప్ప" అనేది.

డ్యూటీ ఎక్కువగా పోలవరం రూట్‌లో. పట్టిసీమ దాటాక ఒక మలుపులో బస్సు కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. మేకల కొండ అంటారు అక్కడివాళ్ళు. అక్క రోజూ ఆ మలుపులో టిక్కెట్లు కొట్టడం ఆపి అటు చూసేదట. ఒకరోజు మేకలు మేపుకునే పెద్దావిడ బస్సెక్కితే, పైనుంచి ఏం కనపడుద్దని అడిగిందట.

"గోదారి మొత్తం కనపడుద్దమ్మా. నువ్వెప్పుడూ ఎక్కలేదా?"

ఆ మాట మనసులో ఉండిపోయింది. రిటైరయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, అదే బస్సులో పాసింజర్‌లా వెళ్ళి ఆ మలుపులో దిగింది. ఒక్కతే ఎక్కి వచ్చింది.

తర్వాతి ఆదివారం మా వీధి ఆడవాళ్ళని నలుగురిని లాక్కెళ్ళింది, నాతో సహా.

నాకు ఎత్తంటే భయం. మేడ మీద బట్టలారేసేటప్పుడు కూడా పిట్టగోడ దగ్గరికి వెళ్ళను. సగం ఎక్కాక ఒక బండని పట్టుకుని కూర్చుండిపోయాను. ఏడ్చేశాను కూడా.

అక్క వెనక్కి దిగి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"కిందకి చూడకు. నిన్న ఏం కూర వండావో చెప్పు. ఎలా వండావో కూడా చెప్పాలి."

గుత్తొంకాయ. కారం నూరడం దగ్గర్నుంచి చెప్పుకుంటూ నడిచాను. కూర దించేసరికి కొండపైన ఉన్నాం.

తలెత్తితే గోదారి. మధ్యలో ఇసుక తిన్నెలు. పట్టిసీమ గుడి అరచేతిలో పట్టేంత. ఇటు పొగాకు చేలు, ఎక్కడో దూరంగా నీలంగా పాపికొండలు.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇన్నేళ్ళూ దీని పక్కనుంచే తిప్పారే నన్ను!" అంది, ఎవరిమీదో కోపంగా.

అలా మొదలైంది మా ఆదివారం గ్రూప్.

నాలుగేళ్ళ క్రితం అక్కకి స్ట్రోక్ వచ్చింది. ఎడం చెయ్యి, ఎడం కాలు పడిపోయాయి. ఇంట్లో నడవగలిగితే అదే ఎక్కువ అన్నారు డాక్టర్.

నెలల తరబడి ఫిజియోథెరపీ. తర్వాత బావగారి భుజం పట్టుకుని ఘాట్ మెట్లు. మొదటివారం మూడు మెట్లే. స్నానానికి వచ్చినవాళ్ళు జాలిగా చూస్తే అక్కకి ఒళ్ళు మండేది. "చూసింది చాలు, కాస్త దారివ్వండమ్మా" అనేది, కండక్టర్ గొంతుతో.

ఏడాది దాటాక ఒకరోజు, "ఆదివారం కొండకెళ్దాం" అంది.

బావగారు ఒప్పుకోలేదు. "ఇప్పుడు కొండెక్కి ఏం సాధిస్తావు పద్మా?"

"ఏమీ సాధించనండీ. ఎక్కి దిగుతాను."

ఆదివారం పొద్దున్న చూస్తే, ఆయనే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని బస్టాండ్‌లో నిలబడి ఉన్నారు. పది అడుగులకోసారి ఆవిడని కూర్చోబెట్టాలని ఆయన ప్లాన్.

మేం గంటలో ఎక్కే కొండకి ఆ రోజు నాలుగు గంటలు పట్టింది. అక్క ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. అలుపొస్తే కర్ర మీద ఆనుకుని నిలబడేది.

చివర్లో ఏటవాలుగా, నున్నగా ఒక బండ ఉంది. అక్కడ కాలు జారింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం. బావగారి మొహం పాలిపోయింది. "చాలు పద్మా, దిగిపోదాం" అన్నారు. నేనూ అదే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క కొండపైకి వీపు పెట్టి బండ మీద చతికిలబడింది. కుడికాలు తన్నిపెట్టి, కుడిచేత్తో బండని నొక్కుతూ, జానెడు జానెడు వెనక్కి జరుగుతూ పైకి పోవడం మొదలెట్టింది.

"అక్కా, ఇదేంటి!"

"కూర్చుని ఎక్కితే ఎక్కినట్టు కాదేంటే?"

పైదాకా అలాగే వెళ్ళింది. డ్రెస్సంతా మట్టి. మా చేతులు పట్టుకుని లేచింది. తర్వాత మా చేతులు వదిలించుకుని, కర్ర ఊతంతో నిలబడి, గోదారిని చూసి గొంతు చించుకుని ఒక్క కేక పెట్టింది.

కింద మేకలు కాసేవాళ్ళు తిరిగి కేకేశారు. మేం ఏడుస్తూనే చప్పట్లు కొట్టాం.

కుర్చీలో చివరికి కూలబడింది బావగారే. అక్క మంచినీళ్ళ బాటిల్ తీసి ఆయనకి అందించింది.

ఎడం చేత్తో.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కిందో. లాస్ట్ టైమ్ మొన్న ఆదివారమే. నలుగురితో మొదలైన గ్రూప్‌లో ఇప్పుడు ముప్పైమంది దాకా ఉన్నాం. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు కూడా వస్తున్నారు. ఇప్పుడు ముందు నడిచేది నేను. అవును, నేనే.

నిన్న సాయంత్రం అన్నీ అయ్యాక వాళ్ళ వరండాలో కూర్చున్నాం. బావగారు మా వైపు తిరిగారు.

"కార్యక్రమాలన్నీ అయ్యాక మీరు కొండకెళ్ళేటప్పుడు నన్నూ పిలవండమ్మా. ఇన్నిసార్లు వచ్చానా, తను ఎక్కడ పడిపోద్దోనని తన కాళ్ళనే చూస్తూ ఎక్కాను. గోదారిని నేనింకా సరిగ్గా చూడలేదు."

పిలుస్తాం బావగారూ.

పద్మక్కా, నువ్వు గెలిచావు. ఇక ఏ ఆయాసమూ లేకుండా చల్లగా, ప్రశాంతంగా ఉండు.