ఆపా కాలు

షాద్‌నగర్ కాడి ఫోన్ల ఫ్యాక్టరీల నా పక్క కుర్చీల కూసునే పెద్దామెను అందరం ఆపా, అంటే అక్కా, అనేటోళ్లం. నేను తీగ తగిలిస్తే ఫోన్ మోగాలె. మోగినంక ఆపా దాన్ని చెవికి పెట్టుకొని, "సాఫ్ ఉంది, పో బేటీ" అని ఆ ఫోన్‌తోనే చెప్పి ముందుకు తోసేది. బిడ్డను అత్తగారింటికి తోలినట్టే. నాకు నవ్వాగకపోయేది.

ఫోన్ల గంటలు ఇనీ ఇనీ ఆమె చెవులు పోయినయని నాకొక్కదానికే ఎరుక. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదనే. అందుకే ఫోన్ మోగితే బల్ల కింద ఆమె కాలు తొక్కేదాన్ని. తొక్కకుంటే అది ఖరాబు ఫోన్ అన్నట్టు.

ఒకరోజు జరమొచ్చి నేను పోలే. ఆ మర్నాడే కొత్త కంప్యూటర్ దెచ్చిండ్రు. ఫోన్ మంచిదైతే పచ్చగ, ఖరాబైతే ఎర్రగ చూపిస్తది. నిన్న నా కాలు తగలక ఆపా అన్నిటినీ సాఫే అని పంపిన ఫోన్లు పెడితే ఎన్నో ఎరుపే.

"ఏంది ఆపా, నిద్రవోయినవా? గివి మోగుతనే లేవు" అన్నడు సూపర్‌వైజర్ సారు.

ఆపా నవ్వింది. సారు పరాచికమాడుతుండు అనుకుంది.

ఆమెకు ఇనొస్తలేదని ఆయనకు సమజైంది. రేపటి సంది రావద్దన్నడు. ఆ ముచ్చట నేనే సైగలు చేసి ఆమెకు చెప్పిన.

పోయే ముందు ఆపా ఒక ఫోన్ చెవికి పెట్టుకుంది. నేను దానికి తీగ తగిలించిన రెండో ఫోన్ ఎత్తి, "మాఫ్ చెయ్యి ఆపా, నిన్న నేను రాకపోతిని" అన్న.

చాలాసేపు ఇన్నది.

"సాఫ్ ఉంది, పో బేటీ" అన్నది.